అమ్మీ అందాజా

మా గురించి రాసిన చరిత్రల్లో వంట లేకపోలేదు. ఉంది. నవాబుల వంట ఉంది. దేగులకు దేగులు బిర్యానీ ఉంది. వెండి పళ్లేలున్నాయి. హైదరాబాదు అనగానే బిర్యానీ, ముస్లిం అనగానే బిర్యానీ. రంజాన్ వస్తే పేపర్ల నిండా హలీం బొమ్మలు. 2010లో ఆ హలీంకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే, కాదనం. కానీ మా ఇంట్లో హలీం ఒక్కసారి కూడా వండలేదు. బిర్యానీ ఏడాదికి ఎన్నిసార్లు వండామో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. తక్కిన మూడు వందల అరవై రోజులూ మీరేం తిన్నారని మమ్మల్ని ఏ చరిత్రకారుడూ అడగలేదు.

మేమంటే మొదట నల్లగొండ జిల్లాలో ఓ చిన్న ఊరి నుంచి ఇంటర్ చదవడానికి హైదరాబాదు వచ్చిన ఇద్దరు అన్నదమ్ములం. పెద్దవాడు పదో తరగతి ఒకసారి తప్పాడు కనుక ఇద్దరం ఒకే ఏడు పాసయ్యాం. తర్వాత తర్వాత మేమంటే ఆ కిరాయి గదిలోకి, అలాంటి గదుల్లోకి చేరిన మా వాళ్లందరం. సైకిల్ షాపుల వాళ్ల కొడుకులం, దర్జీల కొడుకులం, బీడీలు చుట్టే తల్లుల కొడుకులం. నవాబులం మాలో ఒక్కరం లేం.

1987 మే నెల. ఎండలు మండిపోతున్నాయి. పైగా రంజాన్. హాస్టల్లో సీటు రాదని తేలిపోయింది. గది తీసుకోవాలి, వండుకోవాలి. అమ్మీ మమ్మల్నిద్దర్నీ పొయ్యి దగ్గర కూచోబెట్టింది. అబ్బా నవ్వాడు. "మగపిల్లలకు పొయ్యి పనేంది?" అన్నాడు. అమ్మీ ఆయనకేసి కూడా చూడలేదు. "బైఠో బేటా" అంది మాతోటి.

చదువుకున్నవాళ్లం కదా, కాగితం, పెన్సిలు పట్టుకుని కూచున్నాం. కిచిడీతో మొదలుపెట్టింది. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మసూర్ పప్పు. ఇంతవరకు రాసుకున్నాం. తర్వాత ఉప్పెంత? అందాజ్ సే. పసుపెంత? అందాజ్ సే. నీళ్లు? బియ్యం మీద వేలు నిలబెట్టి గణుపు దాకా అని చూపించింది. ఎవరి వేలు అమ్మీ, నీదా మాదా అని అడిగాం. "దేగ్చీ కడుపు చూసి పోయాలె. వేలుదేముంది" అంది. కాగితం పక్కన పడేశాం.

ఆ అందాజా అన్న మాట తెలుగువాళ్లకు కొత్తది కాదు. మా ఊళ్లో కోమటి దుకాణంలో కూడా అందాజాగానే చెప్పేవాళ్లు. కానీ అది ఎంత కష్టమైన విద్యో ఆ నెలలోనే మాకు అర్థమైంది. ఎందుకంటే అమ్మీ రోజాలో ఉంది. వంటంతా రుచి చూడకుండానే చెయ్యాలి. ఉప్పు సరిపోయిందా లేదా నాలుక మీద వేసుకునే వీల్లేదు. నాలుక కొసన ఆనించి ఉమ్మేయొచ్చని కొందరు మౌల్వీలు చెప్తారట గానీ అమ్మీ ఒప్పుకునేది కాదు. ఆవిరి మీద ముఖం పెట్టి వాసన చూసేది. గరిటెతో ఒకసారి తిప్పేది. అంతే. సాయంత్రం అజాఁ అయ్యాక, ఖర్జూరం నోట్లో వేసుకుని అబ్బా మొదటి ముద్ద తినేటప్పుడు ఆయన ముఖంకేసి చూసేది. పద్నాలుగు గంటలు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, రుచి చూడకుండా, ముప్ఫై రోజులు ఇంటిల్లిపాదికీ ఉప్పు తప్పకుండా వండిన ఆడవాళ్ల చేతి విద్య ఏ గ్రంథంలో ఉంది?

గ్రంథాలున్నాయి. మాళవ సుల్తానుల కాలంలో, 1500 ప్రాంతంలో, మాండూలో తయారైన నిమత్‌నామా ఉంది. అందులో బొమ్మలు కూడా ఉన్నాయి. సుల్తాను కూచుని ఉంటాడు, చుట్టూ ఆడవాళ్లు వండుతుంటారు. వండేవాళ్ల పేర్లు మాత్రం మనకు తెలీవు. పదహారో శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ఐనె అక్బరీలో పాదుషా వంటశాలకు ఒక అధ్యాయమే ఉంది. కిచిడీకి కొలత కూడా ఇచ్చాడు. బియ్యం అయిదు సేర్లు, పప్పు అయిదు సేర్లు, నెయ్యి అయిదు సేర్లు. నెయ్యి అయిదు సేర్లు! ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత చదివి అమ్మీకి చెప్తే ఆమె నమ్మలేదు. "అంత నెయ్యేస్తే కిచిడీ ఏడుంటది, నెయ్యిలో మునిగి చస్తది" అంది. మా కిచిడీలో నెయ్యి ఈద్ రోజున ఒక చెంచా. తక్కిన రోజుల్లో పల్లీ నూనె.

ఆ నెల రోజుల్లో ఆమె మాకు నేర్పింది మూడే మూడు. కిచిడీ, ఖట్టీ దాల్, జొన్న రొట్టె. కిచిడీలోకి ఖట్టా. ఖట్టా అంటే పొయ్యి ఎక్కించే పని లేని పులుసు. నువ్వులు, పల్లీలు వేయించి నూరి, చింతపండు రసంలో కలిపి, ఎండు మిరపకాయలు, జీలకర్ర, పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర వేస్తే అయిపోతుంది. మా ఊళ్లో రెడ్ల ఇళ్లల్లో, గొల్లల ఇళ్లల్లో ఇదే పులుసును పచ్చిపులుసు అంటారు. ఖట్టీ దాల్ అంటే కందిపప్పు మెత్తగా ఉడికించి మెదిపి, చింతపులుసు పోసి, వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకుతో బగార్ పెట్టడం. తెలుగులో పప్పుచారు. బగార్ అంటే తాలింపు. పేర్లు వేరు, చింతచెట్టు ఒక్కటే. ఆ చింతకాయను చూసి అరబ్బులు తమర్ హిందీ అన్నారు. హిందూస్తాన్ ఖర్జూరం అని అర్థం. మక్కా నుంచి, ఇరాన్ నుంచి దిగిన వాళ్లమైతే మా రోజువారీ కూటిలో ఇంత పులుపెందుకుంటుంది? ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లింలు మా పప్పు తిని మొహం చిట్లించడం మేం చూశాం. "ఇదేం దాల్" అన్నారు. మేం ఈ నేల మనుషులమని ఎవరికి రుజువు చూపాలో మాకు తెలీదు. ఎందుకు చూపాలో అంతకన్నా తెలీదు. అడిగేవాళ్లు మాత్రం మా గిన్నెలోకి తొంగి చూస్తే సరిపోయేది.

జొన్న రొట్టె మాకు రాలేదు. వేడి నీళ్లతో పిండి కలిపి, అరచేత్తో తట్టాలి. మా చేతిలో అది దేశపటంలా పగిలిపోయేది. అమ్మీ కోప్పడేది. ఆమె పట్టుదల వెనక ఒక కథ ఉంది. అది మేం ఆ పొయ్యి దగ్గరే మొదటిసారి విన్నాం.

మా నానా, అంటే అమ్మీ తండ్రి, తహసీలులో చప్రాసీ. అదీ ఆయన ఏలిన రాజ్యం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, కోటలో కోటలాగే ఉన్నాడు. నానా ఉద్యోగం పోయింది. రజాకార్లు చేసిన దౌర్జన్యాలు అబద్ధం కాదు, మా ఊళ్లోనే వాళ్ల పేరు చెబితే ముస్లిం ముసలమ్మలు కూడా ఉమ్మేసేవాళ్లు. కానీ ఆ బాకీ వసూలు చేసింది ఎవరి దగ్గర? నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ ఏడు చివర్లో ఊళ్లు తిరిగి చూసి, చచ్చిపోయిన వాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని రాసింది. ఉస్మానాబాద్, నాందేడ్, బీదర్, గుల్బర్గా జిల్లాల్లో ఎక్కువ ఘోరం జరిగింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందలేదు. ఇరవయ్యేడు వేలకీ నలభై వేలకీ మధ్య పదమూడు వేల మంది తేడా. మా చావుల లెక్క కూడా అందాజాయే.

నానా పని వెతుక్కుంటూ బొంబాయి పోయాడు. పెళ్లాం పిల్లలు ఇక్కడ, ఆయన అక్కడ. కప్పు చాయ్ కాచుకోవడం కూడా రాదు. రెండు పూటలా హోటల్లో తిన్నాడు. సంపాదించిన దాంట్లో సగానికి పైగా హోటలుకే పోయింది. ఇంటికి మనీయార్డరు వచ్చిన నెల తక్కువ, రాని నెల ఎక్కువ. ఇక్కడ నానీ జొన్న అంబలి కాచి, అందులోకి ఊరి చెరువు గట్టున దొరికిన ఆకు వేసి పిల్లల్ని బతికించింది. అమ్మీకి అప్పుడు ఏడేళ్లు. "మీ నానాకు రొట్టె కాల్చడం వచ్చుంటే మేం అన్నం తినేటోళ్లం" అంది. ఏడవలేదు. రొట్టె తిప్పుతూ అంది. పెనం మీద రొట్టె మాడింది, అంతే.

ఆ తర్వాత మా మగవాళ్లు వండుకోవడం నేర్చింది పరాయి దేశంలోనే. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు మొదలయ్యాయి. హైదరాబాదు పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి జనం వరసకట్టారు. ముస్లింలే కాదు, అందరూ. మా చాచా దమ్మాంలో పద్నాలుగేళ్లున్నాడు. గదికి పదిమంది, వంతుల ప్రకారం వంట. మంచి దాల్చా వండడం అక్కడ ఒక కరీంనగర్ మంగలాయన దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. సొంత ఇంట్లో మాత్రం సెలవు మీద వచ్చినప్పుడు గ్లాసు కూడా కడిగేవాడు కాదు. ఇదీ రాయాలి. మా మీద ఇతరులు చేసిన అన్యాయం రాసి, మా లోపలి సంగతి దాచిపెడితే అది సగం చరిత్రే.

మా ఆపా సంగతి అందుకే చెప్పాలి. అదే ఏడాది, అదే ఇంటి నుంచి ఆమె కూడా వెళ్లిపోయింది. ఆమెకు పద్దెనిమిది. రంజాన్ అయ్యాక నిఖా. మేం మూడు వంటలు నేర్చుకుంటే ఇల్లంతా మురిసింది, చుట్టాలకు చెప్పుకుంది. ఆపాకు తొమ్మిదేళ్లప్పుడే పొయ్యి అప్పజెప్పారు. ముప్ఫై నలభై వంటలు వచ్చు. ఆమెది నేర్చుకోవడమని ఎవరూ అనలేదు. మేం నేర్చుకున్నది మా కడుపు నింపుకోవడానికి. ఆమె నేర్చుకున్నది పదిమంది అత్తింటివాళ్ల కడుపు నింపడానికి. మేం పదో తరగతి పాసయ్యాం, ఆమెను ఏడులో మాన్పించారు. మా ముగ్గురిలో చదువులో చురుకైంది ఆమే. నువ్వులు నూరుతూ మా ఇంగ్లీషు పద్యాలు వినీ వినీ మాకన్నా ముందు అప్పజెప్పేది.

బస్సెక్కే ముందు రోజు అమ్మీ ఇంకో పాఠం చెప్పింది. ఇది పొయ్యి దగ్గర కాదు, దాలాన్‌లో కూచుని, గొంతు తగ్గించి చెప్పింది. గదిలో గోష్ వండొద్దు. బొక్కలు బయట పారెయ్యొద్దు. ఎవరన్నా ఏం వండారంటే దాల్ అని చెప్పండి. ఊరికి వచ్చినప్పుడు తిందురు. అంతే చెప్పింది. ఎందుకు అని మేం అడగలేదు. పదహారేళ్లకే అడగనక్కర్లేదని తెలిసిపోయింది. బియ్యం కడగడం ఎట్లాగో, భయపడడం ఎట్లాగో ఒకే నెలలో నేర్చుకుని హైదరాబాదు బస్సెక్కాం. మూటలో పది కిలోల బియ్యం, మసూర్ పప్పు, చింతపండు ముద్ద, ఒక బత్తీల స్టవ్.

గది కోసం పదకొండు ఇళ్లు తిరిగాం. మొదట ఏ ఊరు అని అడిగేవాళ్లు, తర్వాత ఏం చదువు, తర్వాత పేరు. పేరు చెప్పాక గది ఎవరికో ఇచ్చేశామని గుర్తొచ్చేది వాళ్లకు. కొందరు మర్యాదస్తులు "మేం మాంసం తినేవాళ్లకు ఇవ్వం" అన్నారు. వాళ్ల పెరట్లో కోళ్లు తిరుగుతుండేవి. చివరికి ఒక ఇంటామె ఇచ్చింది. వెనక వైపు రేకుల గది. ఆమె కూడా మాంసం వండొద్దనే చెప్పింది. అమ్మీ ముందే చెప్పి పంపింది కనుక తల ఊపాం.

ఒక నెల గడిచింది. ఒకరోజు ఖట్టీ దాల్‌కి బగార్ పెట్టాం. వెల్లుల్లి, కరివేపాకు వాసన ఇల్లంతా కమ్మింది. ఇంటామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గిన్నెలోకి చూసింది. "ఓరి, మీరూ పప్పుచారే చేస్తారా!" అంది. ఆమె ఆశ్చర్యం నిజమైంది, అందులో ద్వేషం లేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. నాలుగు వందల ఏళ్లు పక్కపక్కన బతికాక ఒక మంచి మనిషికి మా ఇంట్లో పప్పుచారు ఉంటుందని తెలీదు. తప్పు ఆమెది ఒక్కదానిదే అనలేం. సినిమాల్లో ముస్లిం అంటే మటన్ కొట్టేవాడో, కత్తి పట్టినవాడో. మా పెద్దల ఉపన్యాసాల్లోనేమో గోల్కొండ, చార్మినార్, గంగా జమునా తెహజీబ్. పప్పుచారు ఎక్కడా లేదు. ఖట్టా ఎట్లా చెయ్యాలో ఆమెకు చెప్పాం. వారం తర్వాత చేసి గిన్నెలో పెట్టి పంపింది. మాకన్నా బాగా చేసింది. బెల్లం ముక్క వేసింది, అది మాత్రం మాకు నచ్చలేదు.

ఆ గదికి తర్వాత ఒక గుంటూరు కుర్రాడు చేరాడు. దూదేకుల వాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అమ్మను అమ్మ అనే పిలుస్తాడు. నమాజు మాకన్నా నిష్ఠగా చదివేవాడు. వాడికి ఉర్దూ రాదని మేం నవ్వాం. "తూ కైసా ముసల్మాన్ రే" అన్నాం. ఇప్పుడు తల్చుకుంటే తల కొట్టేసినట్టుంటుంది. ఇంటి వాళ్లు మమ్మల్ని పేరు అడిగి వెళ్లగొడితే, మేం వాడిని భాష అడిగి వెళ్లగొట్టాం. ఒకరోజు వాడు గోంగూర తెచ్చాడు. అంబాడా అన్నాం మేం. మా ఊరి తెలుగులో పుంటికూర. మూడు పేర్లతో అరగంట కొట్లాడుకుని, వాడు చేసిన పచ్చడితో అన్నమంతా ఊడ్చేశాం. ఆ తర్వాత వాడిని ఆ మాట అనలేదు.

1990 డిసెంబరులో హైదరాబాదు తగలబడింది. వందమందికి పైగా చచ్చిపోయారు. కర్ఫ్యూ. డిగ్రీ చదువుతున్నాం అప్పుడు. రేకుల గదిలో నలుగురం, బయట బూట్ల చప్పుడు. కూరగాయలు లేవు, పాలు లేవు. బియ్యం, మసూర్ పప్పు, చింతపండు ఉన్నాయి. అమ్మీ మాకు కిచిడీతోనే ఎందుకు మొదలుపెట్టిందో అప్పుడు తెలిసింది. కిచిడీకి బజారు అక్కర్లేదు. ఆరు రోజులు అదే తిన్నాం. ఇంటామె గోడ మీంచి రెండుసార్లు మజ్జిగ అందించింది, ఒకసారి వంకాయలు. మా గదిలో దీపం వెయ్యొద్దని కూడా ఆమే చెప్పింది. ఆమెను దేవత అనం. గదికి మాంసం తేవొద్దన్న షరతు ఆమె ఎప్పుడూ ఎత్తెయ్యలేదు. రెండూ ఆమే.

మా వంటింటి నుంచి బయటికి వెళ్లినవి కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెలంగాణలో ఏ కులం పెళ్లయినా, ఏ దావత్ అయినా బగారన్నం లేనిదే జరగదు. బగారా మా మాట. దావత్ మా మాట. బతుకమ్మ పండుగకు ఆడబిడ్డలు రొట్టె నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తారు. మలీదా ఫారసీ మాట, నలిపినదని అర్థం. పీర్ల పండుగకు మా ఇళ్లల్లో చేసేదీ అదే. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారని ఇప్పుడు పంచాయితీ పెట్టొద్దు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక జొన్న రొట్టె ఇంటింటా వెనక్కి పోయింది, అందరి ఇళ్లల్లోనూ పోయింది. మాకు చేతకాని ఆ రొట్టెను ఇప్పుడు హోటళ్లలో డబ్బిచ్చి తింటున్నాం.

2015 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లో దాద్రీ దగ్గర బిసాడా గ్రామంలో, ఇంట్లో ఆవు మాంసం ఉందన్న పుకారు మీద మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపారు. ఆ వార్త చదివిన రోజు మాకు 1987లో దాలాన్‌లో అమ్మీ తగ్గించిన గొంతు వినిపించింది. బొక్కలు బయట పారెయ్యొద్దు. ఆమెను మేం పాతకాలపు మనిషి అనుకున్నాం, అనవసరంగా భయపడుతుందనుకున్నాం. ఆమెకు వార్తాపత్రిక చదవడం రాదు.

అమ్మీ పోయి కొన్నేళ్లయింది. ఆమె చేసిన వాటిలో చాలా వంటలు ఆపాకే తెలుసు, ఆపా మర్చిపోతోంది. మొన్న ఆపాను కూచోబెట్టి అడిగి రాసుకోవడం మొదలుపెట్టాం. ఎంత అంటే ఆమే అదే మాట అంటోంది. గ్లాసుతో కొలిచి వెయ్యమని బతిమాలాం. కొలిచి వేస్తే ఉప్పు ఎక్కువైంది.

ఈ ఏడు మా తమ్ముడి కూతురు చదువుకోవడానికి పుణె వెళ్లింది. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లాటు. వెళ్లే ముందు పది రోజులు మేం అన్నదమ్ములమే పొయ్యి దగ్గర నిలబడి నేర్పాం. కిచిడీ, ఖట్టా, ఖట్టీ దాల్. ఫోన్లో వీడియో తీసుకుంది. చివరి రోజు రాత్రి ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రెండో పాఠం చెప్పాలా వద్దా? చెబితే మేమే ఆ భయాన్ని మూడో తరానికి అందించినవాళ్లమవుతాం. చెప్పకపోతే? చాలాసేపు కూచున్నాం. చివరికి తమ్ముడు ఫ్రిజ్‌లో ఏం పెడుతున్నారో ఫ్రెండ్స్‌ని అడిగి పెట్టు బేటా అన్నాడు. ఆ పిల్ల మా ఇద్దరికేసీ చూసి, "తెలుసు పప్పా" అంది. ఎట్లా తెలుసని మేం అడగలేదు.

వారం తర్వాత ఫోను చేసింది. ఖట్టా చేదొచ్చిందట. నువ్వులు మాడిపోయాయి. సన్న సెగ మీద, పల్లీలతో కలపకుండా వేరేగా వేయించాలని చెప్పడం మరిచిపోయాం.